ఎడమ గాటు

పండరి ట్రాలీ ఇంజను హెడ్డు లేత్ షాపు నుంచి తిరిగొచ్చిన పొద్దున మొగిలి తన ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. జబ్బు చేసినప్పటి నుంచి ఆ చొక్కా దండెం మీదనే ఉంది. వినోద గుండీలు పెట్టబోతే వద్దని, కుడిచేత్తోనే ఒక్కొక్కటీ పెట్టుకున్నాడు. పైగుండీ దాకా వచ్చేసరికి నుదుటి మీద చెమట పట్టింది. వినోద భర్త అవస్థను చూడనట్టే పొయ్యి వైపు తిరిగి చాయ గిన్నె దించింది.

ములుగు రోడ్డు పక్కన రేకుల షెడ్డు వాళ్లది. వెనక గదిలో సంసారం, ముందర ఇంజన్లు. చిన్న డీజిల్ బండ్లు, ట్రాలీలు, ఆటోలు వచ్చేవి. మొగిలి నెక్కొండ దగ్గర కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, ఎవరెవరి దగ్గరో తిట్లు తిని పని నేర్చుకొని, ఈ షెడ్డు పెట్టుకున్నాడు. ట్రాలీ డ్రైవర్లు అతన్ని మిస్త్రీ అని పిలిచేవాళ్లు. ఆ పిలుపు వింటే అతని నడక మారేది.

ఎండాకాలంలో ఒక పొద్దున పళ్లు తోముకుంటూ తోముకుంటూ ఎడమపక్కకు ఒరిగిపోయాడు. మాట పోలేదు, మతి పోలేదు. ఎడమ చేయి, ఎడమ కాలు మాత్రం పట్టు తప్పాయి. దవాఖాన నుంచి ఇంటికొచ్చాక నడక కొద్దికొద్దిగా తిరిగొచ్చింది. చేయి ఇంకా బరువుగా వేలాడుతూనే ఉంది. డాక్టరమ్మ ఇంకోసారి వచ్చి కండ్లు కూడా చూపించుకొమ్మని చెప్పింది. నా కండ్లకేమైందని మొగిలి పోలేదు. వినోద కూడా గట్టిగా పట్టుబట్టలేదు. మనిషి నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, అంతకన్నా ఏం కావాలె అనుకుంది.

ఇన్నాళ్లూ షెడ్డును ఆమే నెట్టుకొచ్చింది. ఆయిలు మార్చడం, ఫిల్టర్లు, బ్రేకులు వంటివి చేసేది. ఇంజను విప్పే పనొస్తే మాత్రం మిస్త్రీకి బాగా లేదని చెప్పి పంపించేది. బండ్లు ఒక్కొక్కటే వేరే షెడ్ల తొవ్వ పట్టాయి. మొగిలి అక్క కొడుకు సుబేదారిలో ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ పని చూసిపెట్టాడు. గేటు తియ్యాలి, మూయాలి, ఆలుమగలకు గది ఇస్తారు. చెడ్డ పనేం కాదు. ఈ ఆదివారం లోపల ఏ సంగతో చెప్పాలి.

సరిగ్గా ఆ వారంలోనే పండరి బండి ఆగిపోయింది. పండరిది కొత్తవాడ. మగ్గం మీద కార్పెట్లు నేసిన ఇంటివాడు, మగ్గం పక్కకు పెట్టి ట్రాలీ కొనుక్కున్నాడు. ఇప్పుడు వాడకట్టు వాళ్లు నేసిన కార్పెట్లనే స్టేషనుకు మోస్తాడు. ఇంజను పైమూత కింది హెడ్ గ్యాస్కెట్ పోయి, నీళ్లు ఆయిలులో కలిసి, డిప్‌స్టిక్ తీస్తే పాలెక్కువైన చాయలాగా వచ్చింది. వినోద ఎప్పటిలాగే వేరే షెడ్డు పేరు చెప్పబోయింది. మొగిలి లోపలి నుంచి గోడ పట్టుకొని వచ్చాడు.

“ఈ హెడ్డు నేనే ఎక్కిస్త పండరీ. వినోద విప్పుతది, బిగిస్తది. టైమింగు మాత్రం నేను పెడ్త. బండి స్టార్టయ్యిందా, షెడ్డు ఉంటది. కాలేదా, తాళం నా చేత్తోనే ఏసి పోయి గేటుకాడ కూసుంట.”

పండరి వినోద ముఖం చూశాడు. ఆమె తల ఊపింది. ఊపక ఏం చేస్తుంది.

టైమింగు అంటే ఆ ఆలుమగలకు ఒక పద్ధతి ఉంది. ఇంజను కింద క్రాంకు రెండు చుట్లు తిరిగితే పైన క్యామ్ ఒక చుట్టు తిరగాలి. రెండింటినీ కలిపి తిప్పేది పళ్ల బెల్టు. పిస్టన్ పైకొచ్చే వేళకు వాల్వులు దాని దారిలో ఉండకూడదు. బెల్టు సరైన పంటి మీద పడకపోతే ఇనుము ఇనుముకు తగులుతుంది. వాల్వులు వంగుతాయి, ఒక్కోసారి పిస్టనే పగులుతుంది. అందుకే హెడ్డు దించే ముందు పైగుర్తు, కిందిగుర్తు కలిపి దించాలి, ఎక్కించేటప్పుడు మళ్లీ కలిపి ఎక్కించాలి. పెళ్లయిన కొత్తలో, సాయం చేసేవాళ్లు ఎవరూ లేనప్పుడు, మొగిలి ఆమెను ఈ పనికి పిలిచాడు. అతను పైన పుల్లీ దగ్గర నిలబడేవాడు. ఆమె బండి కింద గోనెపట్టా మీద పడుకొని క్రాంకు బోల్టుకు పానా వేసి తిప్పేది. ములుగు బస్సుల మోతకు ఒకరి మాట ఒకరికి వినిపించేది కాదు. అందుకని అతను పానాతో ఛాసిస్ మీద కొట్టేవాడు. ఒక దెబ్బ కొడితే తిప్పాలి, రెండు కొడితే ఆగాలి. ఎన్ని ఇంజన్లు అట్లా ఎక్కించారో లెక్కలేదు. అయినా పైన గుర్తు ఎట్లా కలిసిందో వినోద ఎన్నడూ లేచి చూడలేదు. పై సంగతి అతనిది, కింది సంగతి ఆమెది.

ఆ రోజు కూడా అట్లాగే మొదలైంది. లేత్ షాపులో హెడ్డు అడుగు చదునుగా ఫేసింగు చేసి, వాల్వులు నూరి, క్యామ్ మళ్లీ బిగించి పంపారు. పుల్లీ ఎటో తిరిగి ఉంది. ఆ పుల్లీకి అంచు మీద రెండు గాట్లుంటాయి. ఎడమది ఈ ఇంజనుది. కుడిది అదే పుల్లీని వాడే ఇంకో ఇంజనుది. ఈ బండికి ఎడమ గాటే వెనక రేకు మీది బాణానికి సూటిగా రావాలి. ఈ సంగతి వినోదకు చెప్పిందీ మొగిలే. ఆమె బ్లాకు మీద పాత గ్యాస్కెట్ ముక్కలు గీకుతూ ఉండగా అతను బల్ల మీది హెడ్డు ముందు వంగి, కుడిచేత్తో పుల్లీ తిప్పి, గాటు పట్టుకున్నాడు.

“ఎడమ గాటు బాణానికి పెట్టిన. ఇగ కదిలియ్యకుండ లేపుకరాండ్రి” అన్నాడు.

పండరి ఒక పక్క, వినోద ఒక పక్క పట్టి హెడ్డును కొత్త గ్యాస్కెట్ మీద దించారు. మొగిలి వరస చెబుతుంటే ఆమె బోల్టులు బిగించింది. నడుమ నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి, ముందు కొంచెం, తర్వాత ఇంకొంచెం. అతని గొంతులో పాత దిలాసా వినిపిస్తోంది. పండరికి కూడా హుషారు వచ్చి, మిస్త్రీ ఇంట్లో పండుకొని వదినకే ఉద్యోగం ఇప్పించిండని ఎగతాళి చేశాడు. నేను సూపర్‌వైజర్‌ను, నాకు జీతమెక్కువ అని మొగిలి జవాబిచ్చాడు. చాన్నాళ్లకు ఆ షెడ్డులో నవ్వు వినిపించింది. పక్కన చాయ బండి రాజక్క కూడా తొంగిచూసింది. సాయంత్రం బండిని ములుగు రోడ్డు మీద తనే నడిపి చూస్తానని మొగిలి అన్నాడు.

వినోద కిందిగుర్తు కలిపాక బెల్టు ఎక్కింది. బెల్టును బిగువుగా పట్టే టెన్షనర్ బిగిసింది. హెడ్డులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు ఇంకా ఎక్కించలేదు, వాటి రంధ్రాలు తెరిచే ఉన్నాయి. చేత్తో రెండు చుట్లు తిప్పి చూసుకోకుండా ఏ ఇంజనుకూ కీ తిప్పకూడదన్నది మొగిలి పెట్టుకున్న కట్టుబాటు. వినోద గోనెపట్టా పరుచుకొని బండి కిందికి పోయింది.

ఒక దెబ్బ వినిపించింది. ఆమె పానా లాగింది. క్రాంకు కదిలింది, మెత్తగా తిరిగింది. ఇంకొంచెం తిరిగింది. అక్కడ ఆగింది.

ఆమె చెయ్యి కూడా ఆగింది. మళ్లీ ఒక దెబ్బ పడింది. మెల్లగా నూకి చూసింది. కదల్లేదు. మళ్లీ దెబ్బ, ఈసారి గట్టిగా.

“తిప్పవేందే?” పైనుంచి కేక.

“తగుల్తాంది.”

“కంప్రెషన్ అది. జోరుగ గుంజు.”

కంప్రెషన్ ఎట్లా ఉంటుందో ఆమె చేతికి తెలుసు. గాలి నొక్కుకుపోతూ ఎదురు తిరుగుతుంది, నూకితే కొంచెం లోబడుతుంది, వదిలితే వెనక్కి తోస్తుంది. పైగా నాజిళ్లు లేని ఇంజనులో నొక్కుకుపోవడానికి గాలి ఎక్కడ నిలుస్తుంది? ఇది గాలి కాదు. గోడకు తల ఆనినట్టు ఉంది. ఇంకొక్క గుంజు గుంజితే లోపల ఏదో ఒకటి వంగుతుంది.

మళ్లీ దెబ్బ పడింది. ఇన్నేళ్లలో ఆ దెబ్బకు ఆమె తిప్పకుండా ఉన్నది లేదు. పానా పట్టుకున్న చేతికి తిప్పాలనే ఉంది, అలవాటు అట్లాంటిది. ఆమె వేళ్లు విప్పి పానా కింద పెట్టి, పక్కకు దొర్లి బయటికొచ్చింది.

మొగిలి ముఖం ఎర్రబడి ఉంది. “ఎందుకొచ్చినవ్ బయటికి?”

“జర నన్ను సూడనియ్.”

“ఏం సూస్తవ్? కింద కూసునేటోళ్లకు పై సంగతి ఏమెరుక? ఒక్క చెయ్యి పడిపోయిందని ఇయ్యాల నాకే నేర్పుతానవా?”

ఇంతసేపూ మాటలు కలిపిన పండరి ఇప్పుడు నేల చూస్తూ నిలబడ్డాడు. వినోద మళ్లీ బండి కిందికి దూరి క్రాంకును వచ్చిన దారినే వెనక్కి తిప్పి, కిందిగుర్తు కలిపి, లేచి పుల్లీ ముందు నిలబడింది. పొద్దున తనే డీజిల్‌తో కడిగిన పుల్లీ అది, మెరుస్తోంది. బాణానికి సూటిగా ఉన్నది కుడి గాటు. ఎడమ గాటు రెండు మూడు పళ్ల అవతల, పక్కకు, స్పష్టంగా కనబడుతోంది.

ఇంత పెద్ద తప్పు మొగిలి చేయడు. అది ఆమెకు తెలుసు. గాట్లు రెండని ఎవరు నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి. మరి ఎట్లా చేశాడు? ఆ ప్రశ్న ఆమె మనసులో ఒక్క క్షణం ఉత్తగా నిలబడింది. ఆ వెంటనే పళ్లెం కళ్లముందుకొచ్చింది. దవాఖాన నుంచి వచ్చిన నాటి నుంచీ అతను ప్రతి పూటా పళ్లెంలో ఒక పక్క అన్నం ముట్టకుండా వదిలేస్తున్నాడు. ఆకలి మందగించిందనుకుంది. వదిలింది ఏ పక్కనో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఎప్పుడూ ఒకే పక్క, ఎడమపక్క.

ఆమె పండరి వైపు తిరిగి, రాజక్క దగ్గర చాయ తాగి రమ్మంది. పండరి ఎందుకని అడగలేదు. చెప్పులు తొడుక్కొని పోయాడు.

“పుల్లీకి గాట్లెన్ని?” అని మెల్లగా అడిగింది.

“నన్ను పరీక్ష పెడ్తానవా? రెండు. ఎడమది మనది.”

“ఇప్పుడు ఎన్ని కనబడ్తానయ్?”

అతను విసుగ్గా వంగాడు. చూశాడు. కొంచెంసేపు అట్లాగే చూస్తూ ఉండిపోయాడు. “ఒక్కటే. గిదే ఎడమది. కుడిది గ్రీజు కింద పోయినట్టుంది.”

“గ్రీజు లేదయ్యా. పొద్దుగాల నేనే కడిగిన.”

వినోద అతని కుడిచెయ్యి పట్టుకొని చూపుడువేలును బాణం దగ్గరి గాటు మీద పెట్టింది. అక్కడి నుంచి ఎడమకు జరిపింది. వేలు పళ్ల మీదుగా పాకుతూ పోయి ఇంకో గాటులో దిగింది. గోరు అందులో ఇరుక్కుంది.

మొగిలి వేలు తీయలేదు. తన వేలు ఎక్కడుందో అతనికి తెలుస్తోంది, కానీ కళ్లు దాన్ని వెతుకుతున్నాయి. మెడను ఎడమకు తిప్పాడు, ఇంకా తిప్పాడు, గడ్డం భుజానికి ఆనేదాకా. అప్పుడు కనిపించినట్టుంది, కనుబొమలు లేచాయి. తలను మళ్లీ సూటిగా తెచ్చాడు. మళ్లీ తిప్పాడు. రెండుసార్లు అట్లా చేసి ఆపేశాడు. స్టూలు కోసం కుడిచేత్తో తడిమి కూర్చున్నాడు.

రోడ్డు మీద బస్సు ఒకటి పోయింది. రేకులు అదిరాయి.

“దవాఖానల ఉన్నప్పటి సంది గిట్లనేనా?” అన్నాడు.

“ఏమో. అన్నం వదిలేస్తాంటే ఆకలి లేదనుకున్న.”

“నాకు అంత మంచిగనే కనబడ్తాంది వినోదా. సగం లేదని నాకే తెలుస్తలేదు. లేనిది లేదని ఎట్ల తెలుస్తది?” అతని గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. “నువ్వు గుంజితే ఏమయ్యేది?”

“వాల్వు వంగేది.”

“నేను బండి తీస్కొని రోడ్డెక్కితే?”

ఎడమపక్కన సైకిళ్లు పోతాయి, బడి పిల్లలు పోతారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆమెకు ఏడుపు వచ్చింది కానీ ఏడవలేదు. అతని ముందు ఏడిస్తే ఆ ఏడుపును కూడా అతనే మోయాలి.

విప్పి మళ్లీ పెట్టమని అతనే అన్నాడు. ముందు క్రాంకును పావు చుట్టు వెనక్కి తిప్పమన్నాడు. పిస్టన్లు నడుమకు దిగితే పైన క్యామ్ ఎటు తిప్పినా దేనికీ తగలదు. ఆమె అట్లాగే చేసింది. టెన్షనర్ వదులు చేసి బెల్టు తీసింది. పుల్లీ తిప్పి ఎడమ గాటును బాణానికి తెచ్చింది. గాటు బాణానికి సరిగ్గా ఎదురుగా వచ్చిందా, వెంట్రుకవాసి అటుందా అని వంగి ఒక కన్ను మూసి చూసింది. ఇన్నేళ్లూ అతను ఒక కన్ను మూసి చూస్తుంటే అదేదో మిస్త్రీల దర్జా అనుకునేది. రెండు కళ్లతో చూస్తే గాటు పక్కకు జరిగినట్టు కనబడుతుందని ఇప్పుడు తెలిసింది. తర్వాత క్రాంకును కిందిగుర్తుకు తెచ్చి, క్రాంకు లాగే పక్క బిగువుగా ఉండేటట్టు బెల్టు వేసి, టెన్షనర్ మళ్లీ బిగించింది. మొగిలి ఆ మొదటి మాట తర్వాత ఇంకొక్క మాట కూడా సాయం చేయలేదు. చేయాల్సిన చోటు రాలేదు.

ఆమే కిందికి పోయి, ఎవరి దెబ్బ కోసమూ చూడకుండా చుట్టు తిప్పింది. ఇంకో చుట్టు తిప్పింది. ఎక్కడా తగల్లేదు. లేచి చూస్తే రెండు గుర్తులూ మళ్లీ వాటి వాటి చోట నిలబడ్డాయి. అప్పుడు గానీ ఆమె ఊపిరి పూర్తిగా వదలలేదు.

పండరి చాయ తాగి, ఇంకో చాయ తాగి, రాజక్కతో ఊరి ముచ్చట్లన్నీ అయిపోయాక తిరిగొచ్చాడు. అప్పటికి నాజిళ్లు ఎక్కాయి, కొత్త ఆయిలు, నీళ్లు పోశారు. వినోద కీ తిప్పింది. ఇంజను రెండుసార్లు దగ్గి, తెల్లపొగ వదిలి, అందుకుంది. మొదట తడబడి, ఆ వెనక నిలకడగా నడిచింది. పండరి చెవి పెట్టి విన్నాడు. అతని ముఖం విప్పారింది.

“మొగిలన్నా, నీ చెయ్యి యాడికి పోలే. చెప్పిన మాట నిలబెట్టినవ్. ఇగ పా, ములుగు రోడ్డు మీద ఒక చక్కర్ కొట్టిరా” అని బండి తలుపు తీసి పట్టుకున్నాడు.

వినోద చేతులు తుడుచుకుంటున్న గుడ్డ వైపే చూస్తూ ఉండిపోయింది. ఈ మాటకు జవాబు తనది కాదు. అతను ఏదో ఒక సాకు చెప్పినా పండరి నమ్ముతాడు. కాలు గుంజుతుందంటే చాలు. షెడ్డు పేరు నిలుస్తుంది, మిస్త్రీ పేరు నిలుస్తుంది, ఆదివారం అక్క కొడుక్కు రామని చెప్పొచ్చు. నిజం చెబితే, కళ్లు సగం లేని మిస్త్రీ షెడ్డుకు రేపు ఏ ట్రాలీ వస్తుంది? పండరి నోరు కొత్తవాడ అంతటికీ వినబడే నోరు.

మొగిలి స్టూలు మీంచి లేచాడు. ఇంజను ఆపమని సైగ చేశాడు. ఆమె ఆపింది.

“పండరీ, నా ఎడమపక్క కండ్లు పనిచేస్తలేవు. ఇయ్యాలనే తెలిసింది. నేను పెట్టిన టైమింగు తప్పు. నేను చెప్పినట్టు గుంజితే నీ ఇంజను ఖతమయ్యేది. వినోద గుంజలే. మళ్లా విప్పి తనే పెట్టింది, నేను వేలు గూడ పెట్టలే. నీకు నమ్మకం ఉంటే తీస్కపో. లేదంటే ఇంకో మిస్త్రీకి చూపిచ్చుకో, నేనేమనుకోను.”

పండరి తలుపు పట్టుకునే ఉన్నాడు. మొగిలిని చూశాడు, బండిని చూశాడు. వాడకట్టు వాళ్ల కార్పెట్ల మూటలు ఇంటి అరుగు మీద కట్టి ఉన్నాయి, రాత్రి రైలుకు అందకపోతే మాట పోతుంది. నడి తొవ్వలో ఇంజను ఆగితే అంతకన్నా పోతుంది. అతను ముందుకు వంగి బెల్టు వైపు చూశాడు. చూసినా అతనికి ఏం తెలుస్తుంది. అయినా చాలాసేపు చూశాడు. మొగిలి కదలకుండా నిలబడ్డాడు. ఖాకీ చొక్కా వీపున చెమటతో అతుక్కుపోయింది.

పండరి నిటారుగా లేచి, బండెక్కి, సీటులో సర్దుకున్నాడు. కీ మీద చెయ్యి వేసి, తిప్పకుండా, వినోద వైపు తిరిగాడు.

“హెడ్డు బోల్టులు నడిచినంక మళ్లా ఒకపారి బిగియ్యాలె గద వదినా. ఎప్పుడు తీస్కరావాలె?”

వినోద మొగిలి వైపు చూసింది. అతను ఆమె వైపే చూస్తున్నాడు, తల కొంచెం ఎడమకు తిప్పి, ఆమె మొత్తం కనబడేటట్టు.

“రేపు షెడ్డు బంద్ ఉంటది. దవాఖానకు పోతానం” అంది. “ఎల్లుండి పొద్దుగాల తీస్కరా. ఇంజను సల్లగున్నప్పుడు బిగిస్త.”